మీ కాఫీ, నీ కాఫీ

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో అందరికీ తెలుసు, నా దగ్గర చదువుకునే పిల్లలకు ఇంకా బాగా తెలుసు. అయితే ఆటోవాడి మీదో కరెంటాఫీసు మీదో వచ్చే కోపం అన్నం తినేలోపు దిగిపోతుంది. ఒక పాటకు ఎవరో చేసిన ఇంగ్లీషు అనువాదం మీద వచ్చిన కోపం మాత్రం ఇంతవరకు దిగలేదు. ఇది రాస్తుంటే మళ్ళీ రాజుకుంటోంది.

నేను నంద్యాలలో నర్సులకు జర్మన్ చెబుతాను. బస్టాండు దగ్గర విత్తనాల అంగడి మీద రెండు గదులు నా బడి. కింద శనగ విత్తనాల మూటలు దించుతుంటారు, పైన మేము క్రియాపదాలు వల్లిస్తుంటాం. నర్సింగు చదివిన పిల్లలు ఆత్మకూరు నుంచి, జూపాడు బంగ్లా నుంచి, ఆళ్లగడ్డ నుంచి బస్సుల్లో వస్తారు. జర్మనీ ఆస్పత్రుల్లో పని కావాలంటే భాష పరీక్ష గట్టెక్కాలి. హైదరాబాదులో పదేళ్ళు యంత్రాల పుస్తకాలు జర్మన్ నుంచి అనువదించిన దాన్ని కాబట్టి, ఆ పరీక్షకు వాళ్ళను తయారుచేసే బాధ్యత నామీద పడింది.

జర్మన్‌లో కూడా మనకున్నట్టే నువ్వు వేరు, మీరు వేరు. నువ్వుకు "డు", మీరుకు "జీ". జీ అనగానే క్లాసులో ముస్లిం పిల్లలు నవ్వుతారు. "ఇది మా ఇంట్లో మాటే గదా మేడం" అంటారు. ఉర్దూలోనూ జీ మర్యాద మాటే కాబట్టి వాళ్ళకు ఒక్కరోజులో పట్టుబడుతుంది. తంటా అంతా మిగతావాళ్ళతోనే. మన సీమలో నువ్వు అంటే మర్యాద తప్పినట్టు కాదు. చివర అప్పానో అన్నానో తగిలిస్తే చాలు, మర్యాద దానంతటదే వచ్చేస్తుంది. "నువ్వు కూసోన్నా" అని ఎంత పెద్దమనిషితోనైనా అంటాం. ఆ అలవాటుకొద్దీ మా పిల్లలు పరీక్ష పెట్టే జర్మన్ ఆయన్ని డు అని పలకరిస్తారు. "ఆయన మీ మేనమామ కాదు, జీ అనండి" అని నేను అరుస్తాను. ఆరేళ్ళుగా నా పని ఈ నోళ్ళలోంచి నువ్వును పీకి మీరును నాటడం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నాకు జరగాల్సిన శాస్తి ఇందులోంచే జరిగింది.

ఒక సోమవారం పొద్దున, ఆళ్లగడ్డ నుంచి వచ్చే అమ్మాయి క్లాసు మొదలుకాకముందే ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాయన శిల్పి. ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా రాళ్ళు చెక్కే షెడ్లలో ఒకటి ఆయనది.

"మేడం, మా నాయన ఒక రాయి మింద ఇది చెక్కల్ల. తెలుగు సరిగుందో లేదో చూడమన్నాడు. జర్మన్ పాటంట" అంది.

ఫోనులో ఒక్కటే వాక్యం ఉంది. "ఓ ప్రియతమా, మన ప్రేమ చల్లబడుతూ ఉంది."

"ఈ రాయి ఎక్కడ పెడతారు?" అన్నాను.

"సమాధి మింద మేడం. జర్మనీలో."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చచ్చిపోయినవాడి గుండెల మీద రాయి పెట్టి, దాని మీద మన ప్రేమ చల్లబడుతోందని రాయడమా? ఎంత పగవాడికైనా ఎవరైనా చేస్తారా ఆ పని?

ఆ అమ్మాయి విషయం చెప్పింది. ఒక జర్మన్ ముసలాయన, వృత్తికి వడ్రంగి, నాలుగు చలికాలాలు ఆళ్లగడ్డ వచ్చి వాళ్ళ షెడ్డులో కూర్చుని రాతిపని నేర్చుకున్నాడు. దేవుళ్ళ బొమ్మల కంటే ఆయనకు తెలుగు అక్షరాలంటే పిచ్చి. గుండ్రంగా ఉంటాయని మురిసిపోయి పలకల మీద అ ఆలు చెక్కేవాడు. ఒక పాట పాడుకుంటూ సుత్తి వేసేవాడు. తర్వాత కొన్నేళ్ళు రాలేదు, ఇప్పుడు ఆయన పోయాడు. ఆ పాట ఆఖరి చరణంలోని చివరి మాట, తెలుగు అక్షరాల్లో, ఈ శిల్పి చేత్తోనే చెక్కించి పంపమని ఆయన భార్య కబురు పెట్టింది. బొమ్మలు విదేశాలకు పంపే బెంగుళూరు ఏజెంటు ఒకడు మధ్యలో ఉన్నాడు. ఆమె జర్మన్‌లో రాసినదాంట్లో పాట పేరూ చివరి పంక్తి అన్న సంగతీ తప్ప అతనికేమీ అర్థం కాలేదు. పాట పేరు పట్టుకుని ఇంగ్లీషు అనువాదం వెతికాడు, అందులో చివరి పంక్తి తీశాడు, ఫోనులో వేసి తెలుగు చేశాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమనే రకం.

"మీ నాయన ఎప్పుడు మొదలుపెడతాడు?"

"రేపు పొద్దున మేడం. పలక నున్నగ చేసి పెట్టినాడు."

రాయి మీద ఒకసారి ఉలి పడితే మళ్ళీ తుడిచేది లేదు. ఆ పూట క్లాసు గంటలో ముగించి, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా, ఏజెంటు చేత తెప్పించుకున్న ఆ ఇంగ్లీషు పాట మొత్తం ఫోనులో చదువుతూనే ఉన్నాను. వెన్నెల ఉంది, గులాబీ ఉంది, రాలిపోతున్న చుక్కలున్నాయి. చివర్లో డార్లింగ్ అని ఒక పిలుపు, ప్రేమ చల్లబడుతోందని ఒక మూలుగు. వడ్రంగి మనిషి సుత్తి పట్టుకుని పాడుకునే పాట ఇదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

షెడ్డులో శిల్పి ఒక నందికి గంటల పట్టెడ చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి, కండువాతో దుమ్ము దులుపుకుని స్టూలు జరిపాడు. నల్లరాతి పలక గోడకు ఆనించి ఉంది. నేను కూర్చోకుండానే అడిగాను.

"ఆయన పాడిన పాట మీకు గుర్తుందా?"

"గుర్తుండక యాడికి పోతాది మేడం? నాలుగేండ్లు ఇంటిని. అర్థం తెలీదు, అంతే."

"పాడండి."

ఆయన సిగ్గుపడ్డాడు. కూతురు "పాడు నాయనా" అని గదిమింది. సుత్తిని తొడ మీద తాళంలాగ కొట్టుకుంటూ ఆ మనిషి పాడాడు. మాటలు సగం అరిగిపోయాయి. కానీ ప్రతి చరణం చివరా మూడు మాటలు మాత్రం స్పష్టంగా పలికాయి. కాఫే విర్డ్ కాల్ట్.

కాఫీ చల్లారిపోతోంది!

పాటలో చల్లారుతున్నది ప్రేమ కాదు, కాఫీ. ఆ మూడు మాటలు ఫోనులో కొట్టి వెతికితే అసలు పాట దొరికింది. అక్కడే నిలబడి చదివాను. మొదటి చరణంలో ఒక ఇంటావిడ, మేడ మీద గదిలో అద్దెకు దిగిన కుర్రవాడి తలుపు కొట్టి "ఈర్ కాఫే విర్డ్ కాల్ట్" అంటుంది. మీ కాఫీ చల్లారిపోతోంది. రెండో చరణంలో వాన. కుర్రవాడు నిచ్చెనెక్కి ఆమె ఇంటికప్పు బాగుచేస్తుంటాడు. కింద నుంచి ఆమె మళ్ళీ అదే మాట అంటుంది. మూడో చరణానికి ఇద్దరి తలలూ నెరిసి ఉంటాయి. ఆయన తోటలో ఉంటాడు, ఆమె కిటికీలోంచి కేక వేస్తుంది. "డైన్ కాఫే విర్డ్ కాల్ట్." నీ కాఫీ చల్లారిపోతోంది.

పాటంతా ఇదే. ఎక్కడా ప్రేమ అన్న మాట లేదు, ముద్దూ లేదు, పెళ్ళీ లేదు. మీ కాస్తా నీ అయింది, అంతే. పెళ్ళి, పిల్లలు, జగడాలు, అలకలు, అన్నీ ఆ ఒక్క మాట మారే చోట జరిగిపోయాయి. నాకు ఒళ్ళు జలదరించింది.

వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఇంగ్లీషులో నువ్వుకూ మీరుకూ ఒక్కటే మాట. మూడు చరణాల్లోనూ "యువర్ కాఫీ" అని రాయాలి. అప్పుడు పాటలో ఏమీ జరగదు. ఆ అనువాదకుడికి చేతిలో చప్పటి కాఫీ తప్ప ఇంకేమీ మిగల్లేదు. దాంతో వెన్నెల తెచ్చాడు, గులాబీ తెచ్చాడు, ప్రాస కుదరడానికి చుక్కలు రాల్చాడు. కాఫీని పారబోసి ప్రేమను చల్లార్చాడు. భాషలో ఒక మాట లేకపోవడం తప్పు కాదు, మనకు లేని మాటలు ఎన్ని లేవు? లేదని చెప్పకుండా, ఆ చోట తన సరుకు పెట్టి ఇదే పాట అని అమ్మడం తప్పు. ఇంకా పెద్ద తప్పు మనది. జర్మన్‌లోనూ తెలుగులోనూ ఉన్న మాటను, అది లేని ఇంగ్లీషు గుండా నడిపించి పోగొట్టుకుంటాం. మీకూ నీకూ మధ్య మనకు తిన్నగా దారి ఉంది. కాశీకి పోవాల్సిన పని లేదు, పక్కింటికి పోతే చాలు. అయినా అన్నిటికీ ఇంగ్లీషు వాకిట్లో నిలబడి చేయి చాస్తాం.

ఇదంతా నేను శిల్పికీ ఆయన కూతురికీ గట్టిగా చెప్పాను. పక్క షెడ్డులో సుత్తులు ఆగిపోయాయంటే ఎంత గట్టిగా చెప్పి ఉంటానో అర్థం చేసుకోవచ్చు.

శిల్పి నిదానంగా విన్నాడు. "అందుకేనా మేడం" అన్నాడు. "మొదుట్ల రెండు తూర్లు ఈర్ అంటాండె, ఆకర్న డైన్ అంటాండె. డైన్ కాడికొస్తే సుత్తి ఆపేటోడు. నాకు ఆ సద్దు తేడా తెలుస్తాండె గానీ, ఎందుకాపుతాడో తెలీకపాయ."

తర్వాత నా కోపం చూసి కాబోలు, ఆ ఇంగ్లీషాయన తరఫున ఒక మాట కూడా అన్నాడు. "మాకూ ఫొటో పంపి బొమ్మ చెక్కమంటారు మేడం. ముందరికి ఫొటో ఉంటాది, ఈపుకు యాడుంటాది? ఈపు మేమే అల్లుకోవల్ల. ఆయప్పా అట్ల అల్లినాడేమో."

"మీరు వీపు అల్లితే దేవుడి ముఖం మారిపోతుందా?" అన్నాను. ఆయన నవ్వి నంది మెడ మీది రాతిపొడి ఊదాడు.

బెంగుళూరు ఏజెంటుకు ఫోను చేయించాను. తెలుగులోనే మాట్లాడాడు. అది తన రాత కాదని, పుస్తకంలో అచ్చయిన ఇంగ్లీషని, అచ్చయినదాన్ని కాదనడానికి మనమెవరమని అన్నాడు.

"మరి ఈ తెలుగు మీరు చదివారా?"

"నాకు తెలుగు మాట్లాడేదే వస్తుంది మేడం, చదివేది రాదు. అయినా ఆ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళు ఎవరుంటారు? అక్షరాలు గుండ్రంగా కనిపిస్తే చాలు కదా."

ఆ మాటకు నేనేమన్నానో ఇక్కడ రాయను. చదివేవాళ్ళు లేనిచోట అబద్ధం రాయవచ్చనుకునేవాడు, చూసేవాళ్ళు లేకపోతే ఇంకేం చేస్తాడో! శిల్పి నా చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకుని, "రాయి నాది, చెయ్యి నాది. తప్పు మాట నేను చెక్కనప్పా" అని పెట్టేశాడు. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

"ఇంగ మీరు రాసియ్యండి మేడం. రేపు మొదులుపెడ్తా" అని కాగితం ముందు పెట్టాడు.

గర్వంగా పెన్ను తీశాను. పెద్ద అక్షరాలతో రాశాను. "మీ కాఫీ చల్లారిపోతోంది."

ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. అక్షరం మీద వేలు పెట్టాడు. "ఈ మ ఏంది మేడం? ఆకరి తూరికి న గదా రావల్ల?"

నిజంగానే నాకు తట్టలేదు. మీకూ నీకూ తేడా గురించి అరగంట సేపు రంకెలేసిన నోటితో, చేయి మాత్రం మీ అని రాసింది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. తెలుసుకుని ఊరుకున్నా బాగుండేది. నేను ఒప్పుకోలేదు. తప్పు పట్టుకున్నది ఎదుటివాళ్ళయితే నాకు ఒప్పుకోవడం చేతకాదు.

"అది జర్మన్, అన్నా. తెలుగులో భార్య భర్తను రాయి మీద, అందులోనూ సమాధి మీద, నీ అంటే బాగుండదు. అచ్చులో మీరు అనే రాస్తాం. ఇది మర్యాద" అన్నాను.

"మా ఆడామె నన్ను నీవనే అంటాది."

"ఇంట్లో వేరు, రాయి మీద వేరు."

"రాయి మింద ఎక్కితే మొగుడు మారిపోతాడా?" అన్నాడాయన, ఎగతాళిగా కాదు, తెలియక అడిగినట్టే.

షెడ్డు వెనక ఇంట్లోంచి ఆయన భార్య మజ్జిగ గ్లాసులు తెచ్చింది. మా వాదన మొదటి నుంచీ విన్నట్టుంది. గ్లాసు నా చేతికిచ్చి నిలబడింది.

"పెండ్లి కార్డు మింద మీరు గారు ఎన్నన్నా కొట్టిచ్చుకోండి మేడం. మొగుడు సచ్చిపోయినప్పుడు ఎవురన్నా మీరు అని ఏడుస్తారా? నన్నిడ్సిపెట్టి యాడికి పోతివప్పా అనే గదా ఏడ్చేది. మీరు ఎందుకు పోయినారండీ అని ఏడ్చినోళ్ళను నేను సూడలేదు" అంది.

నేను మజ్జిగ తాగాను. వాదనలో ఓడిపోయేటప్పుడు నేను తీర్పును ఇంకొకరి మీదకు తోస్తాను. "సరే, జర్మనీలో ఆమెనే అడుగుదాం. ఆమె ఏమంటే అది" అన్నాను. ముసలామె కదా, మర్యాదే కోరుకుంటుంది, నా మాటే నెగ్గుతుందనుకున్నాను. ఆ సంగతి దాచడం ఎందుకు?

ముసలాయన నంబరు శిల్పి ఫోనులో ఇంకా ఉంది. దానికే వీడియో కాల్ చేశాం. ఇక్కడ మూడు దాటింది, అక్కడ ఇంకా పొద్దున. రెండు మూడు సార్లు మోగాక ఒక నెరిసిన జుట్టు, కళ్ళజోడు, వెనక వంటింటి కిటికీ కనిపించాయి. శిల్పిని గుర్తుపట్టి ఆమె చేయి ఊపింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. ముసలాయన షెడ్డులోంచి ఇంటికి వీడియో కాల్ చేసిన రోజుల నుంచీ వాళ్ళిద్దరి మధ్య మాట అనేదే లేదు, ఉన్నదంతా అంతే.

నన్ను నేను పరిచయం చేసుకున్నాను. జీ అనే మాట్లాడాను, ఆమె కూడా. ఇంగ్లీషులో వచ్చిన చివరి పంక్తి ఏమిటో చెబితే ఆమె కళ్ళజోడు తీసి నవ్వింది, "ఆయన విని ఉంటే పుస్తకం పొయ్యిలో పెట్టేవాడు" అంది. నాకు బలం వచ్చింది. అప్పుడు నా మాట చెప్పాను. మా భాషలోనూ డు, జీ రెండూ ఉన్నాయి. అయితే మా దగ్గర భార్య భర్తను రాతలో జీ అనే అంటుంది, అది గౌరవం. అందుకని రాయి మీద డైన్ బదులు ఈర్ పెట్టాను, మీకు అభ్యంతరం లేదు కదా?

ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఫోను ఎక్కడో ఆనించి పెట్టి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని మాట్లాడింది. నెమ్మదిగా, పరాయిదానికి అర్థం కావాలని విడమరిచి మాట్లాడింది.

"చివరి రెండేళ్ళు ఆయనకు నేనెవరో తెలియలేదండీ. ఇంట్లో సాయానికి వచ్చిన మనిషిననుకునేవాడు. డు అంటే బెదిరిపోయేవాడు. మీరెవరు నన్ను నువ్వు అనడానికి అని అడిగేవాడు. అందుకని నేనూ జీ అనడం నేర్చుకున్నాను. రెండేళ్ళూ ప్రతి పొద్దునా కప్పు ముందు పెట్టి, మీ కాఫీ చల్లారిపోతోంది అన్నాను. పోయిన రోజు కూడా మీ కాఫీ అనే అన్నాను. నా మొగుడికి నేను చెప్పిన ఆఖరి మాట అది. ఆ రాయి మీదైనా నన్ను నీ అననివ్వండి."

"ఏమంటాంది మేడం?" అన్నాడు శిల్పి. ఆయన భార్య కూడా నా ముఖంలోకే చూస్తోంది.

కాగితం వెనక్కి లాక్కుని మీ కొట్టేశాను. దాని పైన నీ అని రాసి ఆయన చేతికిచ్చాను.